పెద్దమ్మకు ముందుగా తీర్చిన బాకీ

పోయిన వారం నేను టాలివర్ గారి ఆఫీసులో కుర్చీ అంచు మీద కూర్చుని ఉండగా కథ ఆపేశాను. ఆ కుర్చీలోంచే మళ్ళీ మొదలుపెడతాను. స్కూలు బస్సు నడిపే నేనూ, పక్షవాతం వచ్చి ఇప్పుడిప్పుడే లేచి నాలుగడుగులు వేస్తున్న మా ఆయన రాస్కో, ఇద్దరం కలిసి ఐపీ పెట్టి నెల కావస్తోంది. ఆసుపత్రి బిల్లులు కట్టడానికి కార్డులు గీకాం, కార్డులు కట్టడానికి చేబదుళ్ళు తెచ్చాం, చివరికి దేనితో ఏది కడుతున్నామో మాకే తెలియకుండా పోయింది. గురువారం నాడు కోర్టు నియమించిన ట్రస్టీ ముందు ప్రమాణం చేసి, ఆయన అడిగినవాటికల్లా జవాబు చెప్పాలి. లాయరమ్మ టాలివర్ గారు ఆ ప్రశ్నలు ముందుగా తానే అడిగి నాకు అలవాటు చేస్తోంది.

"ఈ ఏడాదిలో చుట్టాలెవరికైనా డబ్బు ఇచ్చారా?" అని అడిగింది. నేను నిటారుగా కూర్చుని, "ఇవ్వకుండా ఎలా ఉంటానండీ? ట్యాక్స్ రిఫండ్ రాగానే మా ఒజెల్లా పెద్దమ్మ దగ్గర తీసుకున్న నాలుగు వేల డాలర్లూ ఆవిడ చేతిలో పెట్టాకే ఇంకో పని చూశాను" అన్నాను. శభాష్ అంటుందనుకున్నాను. ఆవిడ పెన్ను కింద పెట్టింది.

"ఈ మాట మొదట్లోనే చెప్పలేదేం?"

"మీరు అప్పులవాళ్ళకి ఏమైనా కట్టారా అని అడిగారు. మా పెద్దమ్మ అప్పులవాడా? అప్పులవాడంటే పొద్దున్నే ఫోన్ చేసి బెదిరించేవాడు. మా పెద్దమ్మ ఫోన్ చేస్తే రాస్కో మందులు వేసుకున్నాడా అని అడుగుతుంది."

టాలివర్ గారు నవ్వు ఆపుకుందని నాకు అనుమానం. వయసులో నాకంటే చిన్నదే అయినా, మాట మాత్రం తూచినట్టు మాట్లాడుతుంది. "ఎర్నెస్టీన్ గారూ, మీకు అప్పిచ్చినవాళ్ళందరూ ఒకే వరసలో నిలబడాలని కోర్టు కోరుకుంటుంది. మీరు మీ పెద్దమ్మగారిని చెయ్యి పట్టుకుని వరస ముందుకి తీసుకొచ్చేశారు. ఏడాది లోపల చుట్టాలకి తీర్చిన బాకీని ట్రస్టీ వెనక్కి అడగొచ్చు."

"నన్నా?"

"మిమ్మల్ని కాదు. ఆవిణ్ణి."

ఆ నాలుగు వేలూ పెద్దమ్మ తన చావు ఖర్చులకని దాచుకున్న డబ్బు. రాస్కో ఆసుపత్రిలో ఉండగా నేను అడగకుండానే తెచ్చి ఇచ్చింది. పెన్షను మీద బతికే మనిషి. ఆ పాత ఇల్లు తప్ప ఆవిడకి ఇంకేమీ లేదు. "ఆవిడ ఇవ్వలేకపోతే ఏం చేస్తారు?" అని అడిగాను.

"దావా వెయ్యొచ్చు. వేస్తారని అనను. వెయ్యొచ్చు అంటున్నాను."

"అయితే నేను ఐపీ వెనక్కి తీసేసుకుంటాను."

"పెట్టడం వరకే మన ఇష్టమండీ. తీసుకోవడం కోర్టు ఇష్టం."

"పోనీ, గురువారం ఆ మాట ఎత్తకుండా ఉంటే?"

"మర్చిపోయినదాన్ని దిద్దుకోవచ్చు. దాచిపెడితే అది నేరం. కాగితాలు నేను రేపే దిద్ది పంపిస్తాను." ఆవిడ మళ్ళీ పెన్ను తీసుకుంది. "ఒక్కటి చెప్పండి. ఆ డబ్బు తీసుకున్నాక ఆవిడ తిరిగి మీకేమైనా ఇచ్చారా? ఇచ్చుంటే అంతమేరకు అడగరు."

"సెంటు కూడా ఇవ్వలేదండీ" అన్నాను. అదే నిజమని అనుకున్నాను కూడా.

టాలివర్ గారి మీద నాకు కోపం రాలేదు. ఐపీ పెట్టిన మర్నాటి నుంచి మా ఇంట్లో ఫోన్ మోగితే అది మా చర్చివాళ్ళో, బస్సు డిపోవాళ్ళో అయి ఉంటున్నారు. అంతకుముందు రెండేళ్ళు ఫోన్ మోగితే రాస్కో కళ్ళు మూసుకునేవాడు. ఆ మోత ఆపిన మనిషికి నేను జీవితాంతం ఋణపడి ఉంటాను. నా కోపమంతా నా మీదే. మంచి చేద్దామని పోయి, మంచి చేసినావిడ నెత్తిమీదికే తెచ్చాను.

ఆదివారం వచ్చింది. నెలలో మొదటి ఆదివారం కాబట్టి పెద్దమ్మ తెల్లబట్టలు కట్టుకుని, తెల్లటోపీ పెట్టుకుని చర్చిలో ముందు వరసలో కూర్చుంది. మా చర్చిలో వయసు మళ్ళిన పెద్దమ్మలందరిదీ ఆ రోజు అదే వేషం. పాస్టరు గారు కూడా వాళ్ళ వైపు చూసి గాని ప్రసంగం ముగించరు. ఎనభై దాటినా పెద్దమ్మ వీపు ఇంకా వంగలేదు. ఆ వీపు వెనకే కూర్చుని ప్రార్థన చేసుకున్నాను గాని, ఏం ప్రార్థించానో నాకు గుర్తు లేదు.

భోజనానికి ఎప్పటిలాగే ఆవిడ ఇంటికే వెళ్ళాం. తెల్లబట్టల మీదే ఏప్రన్ కట్టుకుని వడ్డించింది. పంది మెడ ఎముకలు, టర్నిప్ ఆకుకూర, మొక్కజొన్న రొట్టె, తీపి చిలగడదుంపలు. రాస్కోకి ఎడమచేతి వైపు ప్లేటు పెట్టి, ఎముకలు విడదీసి ఒట్టి మాంసం వేసింది. నాకు వేసినదాని వంక చూసుకుంటూ కూర్చున్నాను.

"ఏమే, వంట బాగాలేదా?"

"బాగుంది పెద్దమ్మా."

"రుచి చూడకుండానే చెప్తున్నావ్. పాస్టరుగారికి చెప్పే అబద్ధాలు నాకు చెప్పకు. ఏమైంది?"

ఐపీ పెట్టిన సంగతి కూడా ఆవిడకి అప్పటిదాకా చెప్పలేదు. అందుకని అక్కడి నుంచే మొదలుపెట్టాల్సి వచ్చింది. ఒక్క ఊపిరిలో చెప్పేసి, తల దించుకుని తిట్ల కోసం ఎదురుచూశాను. ఈ ఇంట్లో పెరిగినదాన్ని నేను. మా అమ్మ పోయాక నన్ను తెచ్చుకుని పెంచింది పెద్దమ్మే. 'తీసుకున్నది తిరిగివ్వాలి, విన్నది మింగెయ్యాలి' అన్నది ఆవిడ నేర్పిన చదువు.

పెద్దమ్మ మొక్కజొన్న రొట్టె విరిచి కూరలో అద్దుకుంది. "జైల్లో పెడతారటా?"

"పెట్టరు. అప్పు తీర్చలేనందుకు జైలు లేదంది లాయరమ్మ. అబద్ధం చెప్తేనే."

"పేపర్లో వేస్తారా?"

"ఎవరైనా వెతికితే దొరుకుతుందట. ఎవరూ వెతకరట."

"పని మానుకుని మరీ వెతికేవాళ్ళు ఉంటార్లే మన పేటలో" అంది. "బస్సు ఉద్యోగం తీసేస్తారా?"

"ఇందుకని తియ్యకూడదట. చట్టం ఉందట."

"ఆ ఉంగరమో?"

నా వేలికున్న పెళ్ళి ఉంగరం చూసుకున్నాను. "దీనికేం పెద్ద ధర వస్తుంది పెద్దమ్మా. ఇలాంటివి వదిలేస్తారు. మంచాలు, కుర్చీలు, వంటసామాను కూడా. కారుకి నెలనెలా కడుతూ ఉంటే కారూ ఉంటుంది."

"మళ్ళీ ఎవడైనా అప్పిస్తాడా నీకు?"

"కొన్నేళ్ళ దాకా కష్టమే. తర్వాత మెల్లగా ఇస్తారట."

"అదొక మంచి పని జరిగింది" అంది పెద్దమ్మ. రాస్కో పగలబడి నవ్వాడు. జబ్బు చేశాక అతని నవ్వు ఒకవైపే వస్తుంది గాని, వచ్చినప్పుడు నాకు కడుపు నిండుతుంది. పెద్దమ్మ కూర ఇంకొంచెం వేసుకుని, మామూలుగా అడిగింది. "ఇప్పుడు కూడా అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి, అందరూ వింటూ ఉండగానే పిలుస్తున్నారా, లేకపోతే విడిగా లోపలికి రమ్మంటున్నారా?"

"ఒకే గదిలోనట. పక్కవాళ్ళ సంగతి మనమూ వినాలట." అనేశాక నా చేతిలో ఫోర్కు ఆగింది. ఆ గది సంగతి నాకే రెండు రోజుల కిందట తెలిసింది. "నీకెలా తెలుసు పెద్దమ్మా?"

ఆవిడ చేతులు తుడుచుకుంది. టోపీ తీసి పక్క కుర్చీలో పెట్టింది.

"టైర్ల ఫ్యాక్టరీ మూతపడిన ఏడాది మీ పెదనాన్న వరండాలో కూర్చుని వీధిలోకి చూస్తూ ఉండేవాడు, గుర్తుందా?"

గుర్తుంది. లూషస్ పెదనాన్న ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. నాకప్పుడు పన్నెండేళ్ళు ఉంటాయేమో. ఆయన ఉద్యోగం పోయిందని తెలుసు. అంతకుమించి ఏమీ తెలియదు.

"ఇంటి మీద అప్పుంది. ఫర్నిచరు మీద అప్పుంది. మీ అమ్మ ఆసుపత్రి ఖర్చు మేమే నెత్తిన వేసుకున్నాం. ఆయన చర్చిలో డీకను, పదిమందికి పెద్ద కదా, కోర్టు గుమ్మం ఎక్కితే తల ఎత్తుకోలేనన్నాడు. ఇల్లు పోతే ఈ పిల్లని ఎక్కడ పడుకోబెడతావు అని అడిగాను. మర్నాడు బస్సెక్కి ఇద్దరం వెళ్ళి ఐపీ పెట్టాం. ఇదిగో ఇవే తెల్లబట్టలు కట్టుకుని వెళ్ళాను, చర్చికనుకుంటారని."

"ఇన్నేళ్ళూ ఒక్క మాట చెప్పలేదు నాకు."

"నీకేం చెప్పాలి? చెప్తే నువ్వు అన్నం తినేదానివా? పెట్టింది పెట్టినట్టు తిన్నావు, పెరిగావు. నాకదే కావాలి." ఆవిడ టేబులు మీద చెయ్యి పరిచింది. "ఆ జడ్జి ఎవరో తెల్లాయన. మా వైపు సరిగ్గా చూడను కూడా లేదు. సంతకం పెట్టాడు. ఇల్లు మిగిలింది. ఆ రోజు నుంచి ప్రతి రాత్రీ ఆయన పేరు చెప్పి దణ్ణం పెట్టుకుంటాను. ఆ పేరు నాకు సరిగ్గా పలకడం రాదు. దేవుడు అర్థం చేసుకునే ఉంటాడు."

నేను ఆ వంటింటిని చూశాను. ఆ స్టవ్ పక్కన నిలబడే స్కూలుకి జడలు వేయించుకున్నాను. ఆ బల్ల మీదే ఎక్కాలు నేర్చుకున్నాను. ఇదంతా మాది అనుకుంటూ పెరిగాను గాని, ఇది నాకు ఎలా దక్కిందో ఎవరినీ అడగలేదు. లేచి వెళ్ళి ఆవిడ మెడ చుట్టూ చేతులు వేశాను. ఏడ్చాను. తెల్లబట్టలు పాడవుతాయి, దూరంగా జరుగు అంది. జరగలేదు నేను.

కానీ అసలు మాట ఇంకా నా గొంతులోనే ఉంది. కూర్చుని, ముక్కు తుడుచుకుని, అదీ చెప్పేశాను. నేను ముందుగా నీకు తీర్చడమే తప్పయింది పెద్దమ్మా, ఆ నాలుగు వేలూ ట్రస్టీ నిన్ను అడుగుతాడేమో, లేకపోతే దావా వేస్తాడేమో, అన్నాను.

పెద్దమ్మ రాస్కో వైపు చూసింది. రాస్కో ప్లేటులోకి చూశాడు.

"అడిగితే నా దగ్గర లేవు" అంది.

"ఖర్చయిపోయాయా?"

"నువ్విచ్చిన వారంలోనే. ఏమయ్యా అల్లుడూ, నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

రాస్కోకి మాట కూడదీసుకోవడానికి సమయం పడుతుంది. ఆ సమయంలో తొందరపెట్టకూడదని నేర్చుకున్నాను. ఆ రోజు మాత్రం నా ప్రాణం పోయింది. "కారు" అన్నాడు చివరికి. కాసేపాగి, "వాళ్ళు... తీసుకెళ్ళిపోతామన్నారు. నువ్వు పనిలో ఉన్నావు. నేను అత్తమ్మకి ఫోన్ చేశాను" అన్నాడు.

అప్పుడు అర్థమైంది. చలికాలం చివర్లో కారు వాయిదాలు వరసగా తప్పాయి. ఒకరోజు ఉన్నట్టుండి ఆ కంపెనీవాళ్ళ ఫోన్లు ఆగిపోయాయి. నా ప్రార్థన ఫలించిందని చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం కూడా చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు. ముందు వరసలో కూర్చున్న ఈ మహాతల్లి అందరికంటే గట్టిగా అంది.

"తెల్లారకముందే డిపోకి వెళ్ళాల్సినదానివి, కారు లేకపోతే ఎలా వెళ్తావు?" అంది పెద్దమ్మ. "ఉద్యోగం పోతే వీడి మందులో? డబ్బు తీసుకెళ్ళి వీడి చేతిలో పెట్టాను. వీడి తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళి కట్టొచ్చాడు."

"అది నీ చావు డబ్బు పెద్దమ్మా."

"నేనిప్పట్లో చావనని డాక్టరు చెప్పాడు. నమ్మాను."

నాకు కోపమూ కృతజ్ఞతా ఒకేసారి వచ్చాయి. ముందు కోపం వాడుకున్నాను. ఇంటి మొగుడు, కన్నతల్లి లాంటి మనిషి, ఇద్దరూ కలిసి నన్ను వెర్రిదాన్ని చేశారన్నాను. దేవుడికి చెప్పిన థాంక్సులో సగం మీకు రావాల్సిందన్నాను. రాస్కో తన మంచి చెయ్యి జాపి నా చెయ్యి పట్టుకున్నాడు. "చెప్తే... నువ్వు... తీసుకోవు" అన్నాడు. అది నిజం. తీసుకునేదాన్ని కాదు. బస్సులో వెళ్తాను, నడిచి వెళ్తాను అని ఇద్దరినీ చంపుకు తినేదాన్ని. అతని చెయ్యి వదలకుండా ఏడుపూ నవ్వూ కలిపి కానిచ్చాను. ఇంతమంది నన్ను మోస్తూ ఉంటే, నేనే అందరినీ మోస్తున్నానని విసుక్కుంటూ తిరిగాను.

అప్పుడు టాలివర్ గారి ప్రశ్న గుర్తొచ్చింది. తిరిగి మీకేమైనా ఇచ్చారా, ఇచ్చుంటే అడగరు. కారు మాది. అంటే ఆ డబ్బు తిరిగి మాకే ఇచ్చినట్టు.

"పెద్దమ్మా, కారుకి కట్టిన రసీదు ఉంటుంది. కాని అది మా మరిది చేతి మీదుగా నగదుగా కట్టింది. ఆ డబ్బు నువ్వే ఇచ్చావని ఎవరో ఒకరు చెప్పాలి."

"నేను చెప్తాను."

"ప్రమాణం చేసి చెప్పాలేమో. ఆ గదిలో, అందరి ముందూ. ఆ గదిలో మన పేటవాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు. నీకు ఇదంతా ఎలా తెలుసని వాళ్ళు అడిగితే?"

"ఉండనీ. అడగనీ. చెప్తాను." ఆవిడ లేచి క్యారమెల్ కేకు తీసుకొచ్చింది. "దాచిపెడితే నీకేమైనా ఒరిగిందా? తినాల్సిన ముద్ద తినకుండా కూర్చున్నావు. నేను ఆ రోజే చెప్పి ఉంటే, నువ్వు నా దగ్గరికి నెల ముందే వచ్చేదానివి. గురువారం ఎన్నింటికి?"

"పదింటికి. నేను వచ్చి తీసుకెళ్తాను."

"నా డబ్బుతో కట్టిన కారే కదా, తీసుకెళ్ళకేం చేస్తావ్" అంటూ రాస్కోకి పెద్ద ముక్క కోసింది. నాకు ఎన్నో వారాల తర్వాత ఆకలి వేసింది. ఆ కేకు వాసనకి, ఆ వంటింటికి, ఆ ఇద్దరికీ లోపల్లోపల దణ్ణం పెట్టుకుంటూ ప్లేటు ముందుకి జరుపుకున్నాను.

"ఇంతకీ ఆ అడిగేవాడు ఎవరు?" అంది పెద్దమ్మ, నా ముక్క కోస్తూ. "మర్యాదస్తుడేనా?"

"మంచివాడే అంటోంది లాయరమ్మ. మన నల్లవాళ్ళలోవాడేనట. హోలిస్ గ్రాన్‌బెరీ అని."

కత్తి కేకు సగంలో ఆగిపోయింది.

"పార్క్ అవెన్యూ మీద సరుకుల కొట్టుండేది, ఆ గ్రాన్‌బెరీ వాళ్ళా?"

"నాకేం తెలుసు? వాళ్ళమ్మ కొట్టు నడిపి చదివించిందని మాత్రం టాలివర్ గారు అంది. ఎందుకు?"

పెద్దమ్మ కత్తి అలాగే వదిలేసి కూర్చుంది. ఆవిడ వీపు మొదటిసారి కుర్చీకి ఆనింది.

"ఫ్యాక్టరీ మూతపడిన ఏడాదంతా నువ్వు తిన్న తిండి ఆ కొట్లోదే" అంది. "అరువు. ఒక్కసారి కూడా ఎప్పుడిస్తావని అడగలేదు ఆవిడ. పిల్లకి పాలు తీసుకెళ్ళు ఒజెల్లా అనేది. కోర్టువాళ్ళు అప్పిచ్చిన ప్రతివాళ్ళ పేరూ రాయాలన్నారు. ఆవిడ పేరూ రాశాను. బ్యాంకువాళ్ళ బాకీతో పాటు ఆవిడదీ కొట్టేశారు."

"తర్వాత తీర్చలేదా?"

"తీర్చొచ్చని ఎవరు చెప్పారు మాకు? ఆవిడకి ఎదురుపడలేక నేను వేరే వీధిలోంచి నడిచాను. నా చేతిలో డబ్బు ఆడేసరికి కొట్టు మూతపడింది."

రాస్కో ఫోర్కు కింద పెట్టాడు. బయట ఎవరో కారు హారన్ కొట్టుకుంటూ పోయారు. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "నువ్వు రావద్దులే పెద్దమ్మా. నేనేదో చెప్పుకుంటాను. వచ్చి ఆయన ముందు ప్రమాణం చెయ్యాలంటే..."

"వస్తాను." పెద్దమ్మ నా చెయ్యి విడిపించుకుని, పక్క కుర్చీలోని తెల్లటోపీ అందుకుని ఒళ్ళో పెట్టుకుంది. "ముప్పై ఏళ్ళుగా ఆ జడ్జికి దణ్ణం పెట్టుకున్నాను, నీకోసం అరువు మీద పాలు పోసినావిడకి నోరు తెరిచి ఒక్క మాట చెప్పలేదు. ఆవిడ కొడుకు హోలిస్ అప్పుడు ఆ కొట్లోనే ఉండేవాడే ఎర్నెస్టీన్. నన్ను చూడగానే గుర్తుపడతాడు."